కారులో ఫస్ట్ ఎయిడ్ కిట్: ఏం పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి, ఎలా వాడాలి

పెళ్లికో, వలీమాకో, సెలవుల్లో నానీ వాళ్లింటికో ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరేటప్పుడు టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు, పిల్లల బట్టలు, ఫోన్ ఛార్జర్లు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. టైర్లలో గాలి చూస్తాం. ఫాస్టాగ్ లో డబ్బులున్నాయో లేదో చూస్తాం. ఫస్ట్ ఎయిడ్ కిట్ మాటకొస్తే మాత్రం, "కంపెనీ వాళ్లిచ్చిన డబ్బా ఒకటి ఉండాలి, డిక్కీలో ఎక్కడో" అంటాం. అందులో ఏముందో చాలామంది ఒక్కసారి కూడా తెరిచి చూడరు.

హైవే మీద దెబ్బ తగిలినప్పుడు 108 కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. కానీ అది వచ్చేదాకా గడిచే ఆ కొన్ని నిమిషాలు మన చేతుల్లోనే ఉంటాయి. రక్తం ఆగకుండా కారుతుంటే ఆ నిమిషాలే ప్రాణం. ఆ సమయంలో పనికొచ్చేలా కిట్ ను ఎలా తయారుచేసుకోవాలో, అందులోని వస్తువులను ఎలా వాడాలో ఇక్కడ వివరంగా చూద్దాం.

కంపెనీ ఇచ్చిన డబ్బా సరిపోతుందా?

కొత్త కారు కొన్నప్పుడు దానితో ఫస్ట్ ఎయిడ్ కిట్ ఇవ్వాలని సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989 చెబుతున్నాయి. అందుకే ప్రతి కారులోనూ ఒక చిన్న డబ్బా వస్తుంది. అందులో సాధారణంగా కొన్ని బ్యాండ్ ఎయిడ్ లు, ఒకటి రెండు చిన్న బ్యాండేజీ రోల్స్, కాస్త దూది, ఒక యాంటీసెప్టిక్ ట్యూబ్ ఉంటాయి. వేలు తెగితే ఇది చాలు. తొడ మీద లోతైన గాయమైతే చాలదు. పైగా కారు కొని నాలుగైదేళ్లయితే ట్యూబ్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. బ్యాండ్ ఎయిడ్ ల జిగురు ఎండకు ఎండి అంటుకోదు.

కాబట్టి ఆ డబ్బాను పారేయక్కర్లేదు, దాన్నే నమ్ముకోనూ అక్కర్లేదు. ఒకసారి తెరిచి, గడువు తీరినవి తీసేసి, కింద చెప్పినవి కలుపుకోండి. మెడికల్ షాపులో విడివిడిగా కొనుక్కుంటే మామూలు కిట్ కు సుమారు వెయ్యి రూపాయలు అవుతుంది. ఊరిని బట్టి, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

అన్నిటికన్నా ముందు: మన ఎండలు

బయటి దేశాల జాబితాలు చూసి మందులన్నీ కారులోనే పెట్టేయమని కొందరు చెబుతుంటారు. మన దగ్గర అది కుదరదు. మే నెలలో రామగుండంలోనో, నిజామాబాద్ లోనో, కర్నూలులోనో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 55 నుంచి 60 డిగ్రీల దాకా వెళ్తుంది. డాష్ బోర్డు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. మీ ఇంట్లో ఉన్న ఏ మందు షీటైనా తిప్పి చూడండి, 25 డిగ్రీలకో 30 డిగ్రీలకో మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. రోజుల తరబడి కారులో ఉడికిన మాత్ర చూడటానికి బాగానే ఉంటుంది. పనిచేస్తుందన్న భరోసా మాత్రం ఉండదు. ఇన్సులిన్ అయితే పాడైపోయినట్టే. ఆస్తమా ఇన్హేలర్ ఎక్కువ వేడికి పేలే ప్రమాదం ఉంది. శానిటైజర్ మండే స్వభావం ఉన్నది.

దీనికి తేలికైన ఉపాయం: కిట్ ను రెండు సంచులుగా చేసుకోండి. మొదటిది ఎప్పుడూ కారులోనే ఉండేది. అందులో కట్లు, గుడ్డలు, కత్తెర లాంటి ఎండకు తట్టుకునేవి ఉంటాయి. రెండోది ఇంట్లో ఉండే మందుల సంచి. కారు తాళాలు వేలాడదీసే చోటే దాన్ని కూడా వేలాడదీయండి. బయలుదేరేటప్పుడు మీతో వస్తుంది, దిగేటప్పుడు మీతోనే దిగుతుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఇంకో మాట. "ఒక్క నిమిషంలో వచ్చేస్తా" అని చిన్నపిల్లల్ని మూసిన కారులో వదిలి వెళ్లకండి. అద్దం కాస్త దించి ఉంచినా లోపలి వేడి తగ్గదు. పెద్దవాళ్ల కన్నా పిల్లల ఒళ్లు చాలా త్వరగా వేడెక్కుతుంది.

మొదటి సంచి: కారులోనే ఉండేది

ఎర్రటి రంగు సంచి లేదా జిప్ ఉన్న గట్టి పౌచ్ తీసుకోండి. ప్లాస్టిక్ డబ్బా కన్నా సంచి మేలు, సీటు కింద ఒదుగుతుంది, పగలదు. ఇందులో పెట్టాల్సినవి ఇవి.

- డిస్పోజబుల్ గ్లవ్స్, 4 జతలు. ఎవరి రక్తమైనా సరే, తాకే ముందు వేసుకోవాలి. లేకపోతే చేతికి శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ తొడుక్కున్నా పనికొస్తుంది.
- స్టెరైల్ గాజ్ ప్యాడ్లు, కనీసం 10. ఒక్కొక్కటి విడిగా సీలు వేసి ఉన్నవే తీసుకోండి. గాయం మీద నేరుగా పెట్టేది ఇదే.
- బ్యాండేజీ రోల్స్: 2 అంగుళాలవి 2, 4 అంగుళాలవి 2, 6 అంగుళాలవి 2. చిన్నవి వేళ్లకు, పెద్దవి తొడకు, తలకు.
- క్రేప్ బ్యాండేజీ, 4 లేదా 6 అంగుళాలది ఒకటి. మడమ బెణికినా, గాయం మీద గట్టి కట్టు కట్టాలన్నా ఇదే.
- మూడు మూలల గుడ్డలు, 2. మెడికల్ షాపులో ట్రయాంగులర్ బ్యాండేజీ అని అడగండి. దొరక్కపోతే మీటరు చదరం కాటన్ గుడ్డను మూల నుంచి మూలకు కోయండి, రెండు వస్తాయి. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి వాడతారు.
- మైక్రోపోర్ టేపు ఒకటి, రకరకాల సైజుల బ్యాండ్ ఎయిడ్ లు 20, పిన్నీసులు 6.
- మొండి కొన ఉన్న మంచి కత్తెర. బట్టలు కోయాల్సి వస్తే కొన గుచ్చుకోకూడదు. జీన్స్ గుడ్డ తెగుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.
- చిన్న పట్టకారు. ముల్లు, గాజు తునక తీయడానికి.
- పెద్ద చాదర్ లేదా శాలువా ఒకటి. దెబ్బ తగిలినవాళ్ల ఒళ్లు చల్లబడకుండా కప్పడానికి, నలుగురిలో ఆడవాళ్లకు కట్టు కట్టాల్సి వస్తే పరదాగా పట్టుకోవడానికి, మనిషిని జరపాల్సి వస్తే కింద వేయడానికి, మూడింటికీ పనికొస్తుంది.
- టార్చిలైటు, దాని బ్యాటరీలు విడిగా. ఫోన్ టార్చ్ ను నమ్ముకుంటే 108 తో మాట్లాడేటప్పుడే ఛార్జింగ్ అయిపోతుంది.
- శానిటరీ ప్యాడ్లు ఒక ప్యాకెట్. ఇంట్లో ఆడపిల్లలుంటే ఇది అడగక్కర్లేకుండా ఉండాల్సిన వస్తువు.
- పెన్ను, చిన్న నోట్ బుక్.
- ఒక లీటరు మంచినీళ్ల సీసాలు రెండు. ఒకటి గాయం కడగడానికి, ఒకటి తాగడానికి. వీటిని వారానికోసారి మార్చండి.

దూది గురించి ఒక మాట. మన ఇళ్లలో గాయం అనగానే చేయి దూది మీదకు పోతుంది. పచ్చి గాయం మీద నేరుగా దూది పెట్టకండి. పోగులు అతుక్కుపోతాయి, తీసేటప్పుడు మళ్లీ రక్తం వస్తుంది. గాజ్ పెట్టి, దానిపైన కావాలంటే దూది మెత్తగా వేసుకోవచ్చు.

రక్తం ఆపే పట్టీని టూర్నికే అంటారు. శిక్షణ పొందినవాళ్లు ఇంట్లో ఉంటే అది కూడా ఒకటి పెట్టుకోండి. వాడటం రాకపోతే కేవలం కొని పెట్టుకుంటే లాభం లేదు.

రెండో సంచి: ఇంటి నుంచి వచ్చే మందులు

ఇక్కడ తక్కువే మంచిది. ఇంట్లోని మందుల డబ్బా మొత్తం ఎత్తుకెళ్లొద్దు. ఏ మందైనా అది వచ్చిన షీట్ లోనే, పేరు, గడువు తేదీ కనబడేలా ఉంచండి. మాత్రలు విడిగా కాగితంలో కట్టి పెడితే అవసరమైనప్పుడు ఏది ఏమిటో తెలియదు.

- పారాసిటమాల్ 500 మి.గ్రా., ఒక షీటు. పిల్లలుంటే వాళ్ల సిరప్, కొలిచే మూతతో సహా. పిల్లలకు మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున ఒకసారికి. మీ డాక్టర్ చెప్పిన మోతాదును సీసా మీదే రాసి పెట్టుకోండి.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, 4.
- పొవిడోన్ అయోడిన్ ఆయింట్ మెంట్, బెటాడిన్ లాంటిది.
- అలర్జీకి సెటిరిజిన్. కొందరికి మత్తు వస్తుంది, కాబట్టి డ్రైవింగ్ చేసేవాళ్లు జాగ్రత్త.
- ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లుంటే డాక్టర్ రాసిచ్చిన మాత్ర. ఇవి చాలావరకు నిద్ర తెప్పిస్తాయి. డ్రైవర్ వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. కవర్లు కూడా నాలుగు పెట్టుకోండి.
- ఆస్పిరిన్, గుండెపోటు అనుమానం వస్తే పెద్దవాళ్లకు మాత్రమే. ఎప్పుడు వాడాలో కింద చెప్పాం. పిల్లలకు ఇది అసలు ఇవ్వకూడదు.
- డిజిటల్ థర్మామీటర్.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు జాగ్రత్త. కొన్నేళ్లుగా పండ్ల రుచితో, చక్కెర ఎక్కువగా ఉన్న డ్రింకులు కూడా ఓఆర్ఎస్ అనే పేరుతో అట్టపెట్టెల్లో అమ్ముడుపోయాయి. విరేచనాలయ్యే పిల్లవాడికి అవి మేలు చేయకపోగా ఇంకా నీరసపరుస్తాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబర్ లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు, చిన్నది 200 మి.లీ. నీళ్లకు. సగం ప్యాకెట్ సగం నీళ్లలో అంటూ అంచనాగా కలపకండి. కలిపిన నీళ్లు 24 గంటల్లో వాడేయాలి.

మీ ఇంటివాళ్లను బట్టి చేర్చాల్సినవి

అందరికీ ఒకే జాబితా పనికిరాదు. కారులో ఎవరెవరు కూర్చుంటారో వాళ్లను తలచుకుని సర్దాలి.

షుగర్ ఉన్నవాళ్లు: గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి లేదా చక్కెర. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చల్లటి పౌచ్ లో తీసుకెళ్లాలి. ఐస్ కు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తాయి. మీటర్ లో 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఖర్జూరం, బిస్కెట్లు, రొట్టె ఏదైనా పెట్టాలి. డైట్ అని రాసి ఉన్న కూల్ డ్రింకులో చక్కెర ఉండదు, అది ఇక్కడ పనికిరాదు. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి.

రంజాన్ లో ఇది ఇంకా ముఖ్యం. అసర్ తర్వాత ఇఫ్తార్ కి ఇంటికి చేరాలన్న తొందరలో రోడ్లమీద బళ్లు పరుగెడతాయి. అదే సమయానికి రోజాలో ఉన్న షుగర్ పేషెంట్ ఒంట్లో గ్లూకోజ్ బాగా తగ్గి ఉంటుంది. రోజాలో ఉండగా షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విడవాలని వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. "ఇంకో అరగంటే కదా" అని స్టీరింగ్ పట్టుకుని లాగించడం తనకే కాదు, కారులో ఉన్న అందరికీ ప్రమాదం. రోగికీ ప్రయాణికుడికీ ఉన్న మినహాయింపు ఇలాంటి సమయం కోసమే. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా పోదని ఉలమాలు చెబుతున్నారు, కాబట్టి చూసుకోవడానికి వెనకాడొద్దు. షుగర్ మామూలుకొచ్చాక కూడా కనీసం 45 నిమిషాలు ఆగి, ఆ తర్వాతే బండి నడపాలి. ఇంకొకరు నడిపితే మరీ మంచిది.

బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు: రోజూ వేసుకునే మందులు ప్రయాణం రోజుల కన్నా రెండు రోజులకు ఎక్కువ తీసుకోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టర్ రాసిచ్చిన మనిషికి మాత్రమే ఇవ్వాలి. పక్కింటివాళ్లకు పనిచేసిందని మనవాళ్లకు పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఆస్తమా ఉన్నవాళ్లు: ఇన్హేలర్, పిల్లలైతే స్పేసర్ కూడా. సంచిలో కాకుండా జేబులోనో పర్సులోనో ఉంచుకోవడం ఇంకా మేలు.

గర్భిణులు: డాక్టర్ ఫైలు, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు. ఏ మందూ అడగకుండా ఇవ్వొద్దు.

అందరికీ ఒక కాగితం: కారులో తరచుగా ప్రయాణించే ప్రతివాళ్ల పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, ఇంట్లో ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి సంచి మూత లోపల అంటించండి. నంబర్లన్నీ ఫోన్ లోనే ఉంటే, అది లాక్ అయి ఉంటే, సాయం చేసేవాళ్లకు దారి ఉండదు.

సంచి ఎక్కడ పెట్టాలి?

డిక్కీలో కాదు. వెనక నుంచి లారీ గుద్దితే డిక్కీ తెరుచుకోదు. తెరుచుకున్నా పెళ్లి సామాను కింద సంచి వెతుక్కోవాలి. ముందు సీటు కింద, లేదా డ్రైవర్ సీటు వెనక జేబులో పెట్టండి. డ్రైవర్ సీటు కింద పెడితే బాగా బిగించాలి, జారి బ్రేకు పెడల్ కిందికి రాకూడదు. డాష్ బోర్డు మీద, వెనక అద్దం దగ్గర పెట్టకండి. సడన్ బ్రేకు వేస్తే ఎగిరి తగులుతుంది. సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పదేళ్ల పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

దాంతోపాటు ఎర్రటి వార్నింగ్ ట్రయాంగిల్, మెరిసే జాకెట్, అద్దం పగలగొట్టే సుత్తి, సీటు బెల్టు కోసే కత్తి కూడా ఉంచుకోండి. సుత్తి డ్రైవర్ చేతికి అందే చోట ఉండాలి.

దారిలో అవసరం పడితే ఏం చేయాలి?

ముందు మీ భద్రత. కారును రోడ్డు పక్కకు తీసి, నాలుగు లైట్లూ వేసి, ట్రయాంగిల్ ను కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. హైదరాబాద్ విజయవాడ రోడ్డు లాంటి చోట్ల ఇంకాస్త దూరం పెట్టడమే మంచిది. సాయం చేయడానికి దిగినవాళ్లనే వెనక వచ్చే బండి గుద్దిన సంఘటనలు తక్కువేం కాదు. తర్వాత 108 కి గానీ 112 కి గానీ ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద 1033 కూడా ఉంది. కిలోమీటరు రాయి మీద నంబరు, దగ్గరి ఊరు, టోల్ గేటు పేరు, మీరు ఏ ఊరి వైపు వెళ్తున్నారో చెప్పండి.

రక్తం కారుతుంటే: గ్లవ్స్ వేసుకుని, గాజ్ పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కండి. కనీసం 10 నిమిషాలు తీయకుండా నొక్కాలి. ఆగిందో లేదో అని మధ్యలో ఎత్తి చూడొద్దు. గాజ్ తడిస్తే దాన్ని తీయకుండా పైన ఇంకొకటి పెట్టి నొక్కండి. ఆగాక రోల్ తో గట్టిగా కట్టండి. కట్టు కింద వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా కాస్త వదులు చేయాలి. గాజు ముక్కో ఇనుప ముక్కో లోపల దిగి ఉంటే లాగొద్దు. దాని చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేయి, కాలు నుంచి రక్తం ఎంత నొక్కినా ఆగకుండా చిమ్ముతుంటే మాత్రమే టూర్నికే. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా కట్టి, కట్టిన టైము కాగితం మీద రాయాలి. సన్నటి తాడు, వైరు వాడకూడదు.

చిన్న గాయమైతే: శుభ్రమైన నీళ్లతో బాగా కడగండి. సగం వైద్యం అదే. నీళ్లు కలపని డెట్టాల్ గాయం మీద పోయకండి, మంచి కండను కూడా కాలుస్తుంది. రోడ్డు మీద గీసుకుపోయిన గాయమైతే టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టర్ ను అడగండి.

ఎముక విరిగిందనిపిస్తే: సరిచేయాలని లాగొద్దు. ఎలా ఉందో అలాగే కదలకుండా చేయాలి. చుట్టిన న్యూస్ పేపర్, అట్ట, గొడుగు ఏదైనా ఆసరాగా పెట్టి విరిగిన చోటికి పైనా కిందా కట్టండి. మెడ, వెన్ను నొప్పి అంటుంటే, కాళ్లు తిమ్మిరి అంటుంటే మనిషిని కదపొద్దు. మంటలు, నీళ్లు, మళ్లీ బండి గుద్దే ప్రమాదం ఉంటేనే జరపాలి. ఆటోలో మడతపెట్టి కూర్చోబెట్టి తీసుకెళ్లడం వల్ల బతికిన మనిషి కూడా జీవితాంతం మంచాన పడొచ్చు.

కాలితే: కార్ల విషయంలో ఎక్కువగా కాలేది రేడియేటర్ దగ్గరే. ఇంజన్ వేడెక్కి ఆగినప్పుడు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి. బాగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. ఐస్, టూత్ పేస్ట్, పసుపు, కాఫీ పొడి, సిరా ఏవీ వద్దు. బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్లండి.

స్పృహ లేకపోతే: భుజం తట్టి పిలవండి. ఊపిరి మామూలుగా ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు. మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చనిపిస్తే తల, మెడ, ఒళ్లు ఒకే వరుసలో ఉంచి ఇద్దరు ముగ్గురు కలిసి తిప్పాలి. నీళ్లు తాగించొద్దు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్లు లోతుకు వెళ్లేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

ఛాతీలో నొప్పి: దెబ్బ తగలకుండానే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ఉంటే గుండెపోటు అనుకోవాలి. కూర్చోబెట్టి, 108 కి ఫోన్ చేసి, ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే, పుండ్లు, రక్తస్రావం లాంటి సమస్య లేకపోతే 300 మి.గ్రా. దాకా ఆస్పిరిన్ నమిలించవచ్చు. యాక్సిడెంట్ లో దెబ్బ తగిలినవాళ్లకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు, రక్తం గడ్డకట్టడాన్ని అది అడ్డుకుంటుంది.

ఫిట్స్ వస్తే: చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసి, తల కింద మెత్తటిది పెట్టి, ఆగాక పక్కకు తిప్పండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్.

గొంతులో ఏదైనా అడ్డం పడితే: కదులుతున్న కారులో పిల్లలకు పల్లీలు, గట్టి మిఠాయిలు పెట్టకండి. అడ్డం పడి దగ్గలేకపోతే ముందుకు వంచి వీపు మధ్యలో 5 సార్లు గట్టిగా చరవండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన 5 సార్లు లోపలికి, పైకి నొక్కండి. ఏడాదిలోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు, రెండు వేళ్లతో ఛాతీ మధ్య నొక్కాలి.

పాము కరిస్తే: దారి పక్కన ఆగినచోట ఇది జరగొచ్చు. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. నడిపించకుండా, ఆ చేయి, కాలు కదలకుండా ఉంచి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"పోలీసు కేసు అవుతుందేమో" అనే భయం

రోడ్డు పక్కన ఎవరో పడి ఉంటే ఆగాలని చాలామందికి ఉంటుంది. ఆగనివ్వనిది ఈ భయమే. అది ఇప్పుడు అక్కర్లేదు. సాయం చేసినవాళ్లను వేధించకూడదంటూ కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చిలో అందరూ పాటించి తీరాలని చెప్పింది. 2019 లో మోటార్ వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి ఉద్దేశంతో సాయం చేసిన మనిషి మీద, ఆ తర్వాత బాధితుడికి ఏమైనా జరిగినా, కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి వాళ్లు గానీ బలవంతం చేయకూడదు.

దెబ్బ తగిలిన తర్వాతి మొదటి గంటను ఇదే చట్టం గోల్డెన్ అవర్ అని చెబుతోంది. ఆ గంటలో తీవ్రంగా గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 25,000 రూపాయలు ఇచ్చే రాహ్ వీర్ పథకాన్ని కేంద్రం 2025 లో తెచ్చింది. అదే ఏడాది మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స పొందే పథకం అమల్లోకి వచ్చింది. డబ్బుల్లేవని ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోకండి, ఈ పథకం పేరు చెప్పి అడగండి.

ఆరు నెలలకోసారి ఇలా చూసుకోండి

తేదీ గుర్తుండేలా ఒక పద్ధతి పెట్టుకోండి. రంజాన్ ముందు ఒకసారి, వానాకాలం మొదట్లో ఒకసారి అనుకుంటే సులువు. ఏది గడువు తీరింది, ఏ ప్యాకెట్ సీలు చిరిగింది, టేపు ఇంకా అంటుకుంటోందా, టార్చ్ వెలుగుతోందా, కాగితం మీద మందుల పేర్లు మారాయా, ఇవి చూడాలి. వాడిన వస్తువును అదే వారంలో మళ్లీ కొని పెట్టాలి. ఖాళీ అయిన కిట్ ఉన్నా లేనట్టే.

సర్వీసింగ్ కు ఇచ్చేటప్పుడు, కారు అమ్మేటప్పుడు సంచి తీసి పెట్టుకోండి. అద్దె కారులో వెళ్తే సంచిని వెంట తీసుకెళ్లండి.

చివరగా, కిట్ తో పాటు చేయి కూడా కావాలి. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇస్తాయి. ఇంట్లో ఒక్కరైనా నేర్చుకోండి. మగవాళ్లే నేర్చుకోవాలన్నది లేదు. ప్రయాణంలో పిల్లలతో వెనక సీటులో కూర్చునేది అమ్మీ, ఆపా వాళ్లే కదా, ఏదైనా జరిగితే ముందు చేయి వేసేదీ వాళ్లే. ఈ శుక్రవారం జుమా తర్వాత ఓ అరగంట తీసుకుని డిక్కీలోని ఆ పాత డబ్బాను బయటకు తీయండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటి ఎందుకో చెబుతూ సర్దండి. వాళ్లకూ గుర్తుంటుంది, మీకూ ధైర్యంగా ఉంటుంది.